వేడి లెక్క సరే, ఊట లెక్క చెప్పండి

మొన్న శుక్రవారం రూము వాళ్లం నలుగురం కలిసి నఖల్ పోయినం. మస్కట్ నుంచి వచ్చేవాళ్లకు అక్కడ కోట ఒక వంక, వేడి నీళ్ల ఊట ఇంకో వంక. ఐన్ అల్ తౌవారా అంటారు దాన్ని. సున్నపురాయి కొండ అంచున, ఖర్జూర తోటల పక్కన, ఏడాది పొడుగునా వెచ్చటి నీళ్లు పారుతుంటాయి. రుస్తాక్ వైపు పోతే ఐన్ అల్ కస్ఫా ఉంది, అక్కడి నీళ్లు ఇంకా వేడి, 45 డిగ్రీల దాకా. కాళ్లు నీళ్లలో పెట్టుకుని గంట కూర్చుంటే వారం డ్యూటీ అలసట దిగిపోతుంది.

మా రూములో రాజోలు తమ్ముడు ఒకడున్నాడు. ఫోన్లో ఏదో వీడియో చూస్తూ ఉన్నట్టుండి తల ఎత్తాడు. "అన్నా, ఇండియాలో భూమి వేడితో 10,600 మెగావాట్లు తియ్యొచ్చంటండి. మరి మనోళ్లు బొగ్గెందుకు తగలేస్తున్నారు? మా వైపు ఓఎన్‌జీసీ పాత బావులు బోలెడున్నాయి. మూడేసి కిలోమీటర్ల లోతు. అడుగున నీళ్లు పడితే మరిగిపోతాయి. వాటిలోంచి కరెంటు తీస్తే పోలేదా?"

నేను సగం జవాబు చెప్పేసరికి తినడానికి పిలుపొచ్చింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్న. కొంచెం పొడుగు, ఓపికుంటేనే చదవండి.

ముందు నా మాట చెప్పేస్త. భూతాపం గురించి మన దగ్గర ఎవరు మాట్లాడినా రెండే అంకెలు చెప్తారు: ఎంత లోతు, అడుగున ఎంత వేడి. మూడో అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. ఆ బావిలోకి ఏ లోతులో, ఎన్ని లీటర్ల నీళ్లు వస్తున్నయి? ఈ మూడోది కొలవకుండా మెగావాట్లు ప్రకటించేవాళ్లను నేను నమ్మను. పేపర్లో వచ్చినా సరే, మంత్రి చెప్పినా సరే.

ఎందుకో నఖల్ కొండనే చూపించి చెప్పిన తమ్మికి. ఆ కొండ లోపల ఎక్కడైనా రాయి వెచ్చగానే ఉంటుంది. కానీ నీళ్లు కొండంతా కారుతున్నయా? లేదు. ఇదిగో ఈ సందులోంచి, అదిగో ఆ రాయి కిందినుంచి. రెండు గజాలు పక్కకు జరిగితే పొడి రాయి. నువ్వు పక్కన పొడి రాయిలో కిలోమీటరు బోరు వేసినా నీకు వేడి రాయి దొరుకుతుంది గాని వేడి నీళ్లు దొరకవు. వేడి రాయిని కరెంటు మిషన్‌కు తగిలించలేం కదా. వేడిని పైకి మోసుకొచ్చేది నీళ్లే.

రెండు వేల మీటర్ల భూతాపం బావిలో కూడా కథ ఇంతే. రెండు వేల మీటర్ల పొడుగునా నీళ్లు రావు. మాట వరసకు 900 దగ్గర ఒక పగులు, 1,200 దగ్గర ఒకటి, 1,650 దగ్గర పెద్దది ఒకటి, ఒక్కోటి కొన్ని మీటర్ల మందం. మిగతాదంతా గొట్టం కింద లెక్క. ఇంగ్లీషులో దీన్ని ఫీడ్ జోన్ అంటారు. మనకు అంతకంటే మంచి మాట ఉంది, ఊట. మోట బావి తవ్వినవాళ్లు "తూర్పు మూల ఊట గట్టిది, పడమర ఊట ఎండల్ల ఆగిపోతది" అని కళ్లతో చూసి చెప్పేవాళ్లు. ఇక్కడ ఒమాన్‌లో ఫలజ్ తవ్వినవాళ్లూ అంతే. ఫలజ్ మొదలయ్యే బావిని ఉమ్మ్ అల్ ఫలజ్, ఫలజ్ తల్లి అంటారు. మనిషి అందులోకి దిగుతాడు, ఏ గోడలోంచి నీళ్లు కారుతున్నయో చేత్తో తడిమి చూస్తాడు, అటువైపే సొరంగం తవ్వుకుంటూ పోతాడు. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన నిజ్వా ఫలజ్ దారిస్ కూడా ఇట్లా మనుషులు భూమిలోకి దిగి తవ్విన విద్యే.

బోరులోకి మనిషి దిగలేడు. వచ్చిన చిక్కంతా అదే. అందుకే టూల్ దింపాలి.

నేను ఇక్కడ దక్షిణాది ఆయిల్ ఫీల్డులో వైర్‌లైన్ యూనిట్‌లో పనిచేస్త. హెల్పర్‌గా చేరిన, ఇప్పుడు వించ్ దగ్గర కూర్చుంటున్న. ఒమాన్‌లో అమల్, ముఖైజ్నా లాంటి చోట్ల నూనె తారు లెక్క చిక్కగా ఉంటుంది. బావిలోకి ఆవిరి కొట్టి దాన్ని పలచన చేసి తీస్తారు. కొట్టిన ఆవిరి అనుకున్న పొరలోకే పోతున్నదా, పక్క దారి పట్టిందా అని చూసే టూల్స్, భూతాపం బావిలో ఊట వెతికే టూల్స్ ఒకే కుటుంబం. కాబట్టి నేను ఇంజనీరును కాకపోయినా ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్న. మిగతాది చదివి తెలుసుకున్న. ఐస్‌లాండ్‌లో 1979 నుంచి బీద దేశాల ఇంజనీర్లకు భూతాపం మీద శిక్షణ ఇస్తున్నరు. కెన్యా, ఇథియోపియా, ఫిలిప్పీన్స్ వాళ్లు అక్కడ రాసిన రిపోర్టులు నెట్‌లో ఫ్రీగా దొరుకుతయి. నైట్ డ్యూటీల్లో నేను చదివింది అవే.

టూల్ అంటే సన్నటి పొడుగాటి స్టీలు గొట్టం. అందులో మూడు పనులు చేసేవి ఉంటాయి: ఒత్తిడి కొలిచేది, వేడి కొలిచేది, అడుగున చిన్న ఫ్యాను. ఆ ఫ్యానును స్పిన్నర్ అంటారు. లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కదా, 300 డిగ్రీల బావిలో మాడిపోవా? అందుకే వాటిని చాయ్ ఫ్లాస్కు లాంటి దాంట్లో పెడతారు. చాయ్ ఫ్లాస్కు వేడిని బయటికి పోనివ్వదు, ఇది లోపలికి రానివ్వదు. అదీ కొన్ని గంటలే. టైము దాటితే లక్షల టూలు పాడయినట్టే, అందుకే కిందికి పోయిన టూల్ పైకి వచ్చేదాకా ఎవరికీ టీ గొంతు దిగదు. పాత కాలంలో అయితే ఎలక్ట్రానిక్స్ లేనే లేవు. అమెరాడా గేజ్ అని ఉండేది, లోపల గడియారం, సన్నటి లోహపు రేకు మీద సూది గీత గీసేది. పైకి తెచ్చి ఆ గీతను భూతద్దంతో చదివేవాళ్లు. ఆ గీతలతోనే ఎన్నో బావుల జాతకం తెలిసింది.

ఇప్పుడు అసలు పరీక్ష. బావి తవ్వడం అయిపోగానే, రిగ్గు ఇంకా మీదనే ఉండగా, పైనుంచి చల్లటి నీళ్లు పంపు చేస్తారు. సెకనుకు 20 లీటర్లు అనుకోండి. ఆ నీళ్లు పారుతుండగానే టూల్‌ను దింపుతారు. 900 మీటర్ల దాకా ఫ్యాను ఒకే వేగంతో తిరిగింది. 1,200 దాటగానే వేగం తగ్గింది, లెక్క వేస్తే కిందికి పోతున్నవి 12 లీటర్లే. అంటే 8 లీటర్లు 1,200 దగ్గర రాయిలోకి దూరిపోయినయి. 1,650 దాటాక 2 లీటర్లే మిగిలినయి. అంటే అక్కడ ఇంకో 10 పోయినయి. నీళ్లు ఎక్కడ దూరుతున్నయో, రేపు వేడి నీళ్లు వచ్చేది చాలావరకు అక్కడినుంచే. తాళం ఎటు తిప్పినా తలుపు అదే.

చదివితే ఈజీగానే ఉంటుంది. కానీ ఫ్యాను నీళ్ల వల్లనే తిరగదు, టూల్ కదులుతున్నందుకు కూడా తిరుగుతుంది. జాతరలో కొన్న కాగితం గిరక పట్టుకుని సైకిల్ తొక్కితే గాలి లేకపోయినా తిరుగుతుంది చూడండి, అట్లా. అసలు గాలి ఎంతో తెలియాలంటే ఎదురుగా ఒకసారి, వెనక్కి ఒకసారి, మెల్లగా ఒకసారి, జోరుగా ఒకసారి తొక్కి లెక్క తియ్యాలి. వైర్‌లైన్ వాళ్లం చేసేదీ అదే. ఒక వేగంతో దింపుతాం, ఎత్తుతాం, వేగం మార్చి మళ్లీ దింపుతాం, మళ్లీ ఎత్తుతాం. కొత్తగా వచ్చిన పిల్లలు "ఒకసారి చూసినం కదా, మళ్లా ఎందుకు" అని విసుక్కుంటారు. ఇదీ సంగతి.

ఇంకో మోసం కూడా ఉంది. బావి గోడ ఎక్కడైనా కూలి వెడల్పయితే అక్కడ నీళ్లు నెమ్మదిస్తయి, గోదావరి వెడల్పున్న చోట నిదానించినట్టు. ఫ్యాను మందగించిందని అక్కడ ఊట ఉందనుకుంటే తప్పులో కాలేసినట్టే. అందుకే బావి వెడల్పు కొలిచిన లాగ్ పక్కన పెట్టుకునే చదవాలి.

స్పిన్నర్ ఒక్కదాన్నే నమ్మొద్దని వేడి లాగ్ కూడా తీస్తారు. చల్లటి నీళ్లు ఆపి బావిని మూసేస్తారు. ఒక రోజాగి, వారమాగి, నెలాగి టెంపరేచర్ కొలుస్తారు. రాయి మళ్లీ వేడెక్కుతుంటుంది. కానీ చల్లటి నీళ్లను బాగా మింగిన చోటు చుట్టూ దూరం దాకా చల్లబడి ఉంటుంది కాబట్టి అక్కడ వేడి ఆలస్యంగా వస్తుంది. గ్రాఫులో అక్కడ గుంత కనిపిస్తుంది. ఆ గుంత స్పిన్నర్ చూపించిన చోటుతో కలిస్తే ఊట ఖాయం.

ఒత్తిడి గ్రాఫులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఉంది. బావి వేడెక్కుతుంటే లోపలి నీళ్లు తేలికవుతయి, కాబట్టి ప్రతి లోతులోనూ ఒత్తిడి మారుతుంది. పైన పెరుగుతుంది, కింద తగ్గుతుంది. కానీ ఒక్క లోతులో మాత్రం మొదటి రోజూ, నెల తర్వాతా అదే ఒత్తిడి. వేర్వేరు రోజుల గీతలన్నీ ఆ ఒక్క చోట కత్తెర లెక్క కలుస్తయి. బావి ఆ లోతు దగ్గరే బయటి రాయితో గట్టిగా కలిసి ఉందన్నమాట. ఊట ఒక్కటే అయితే కరెక్టుగా అక్కడే ఉంటుంది, రెండుంటే వాటి మధ్య, బలమైన దానికి దగ్గరగా. ఏ ఫ్యానూ లేకుండా బావి తనంతట తానే వేలు పెట్టి చూపిస్తుంది.

ఇక రాజోలు తమ్ముడి ప్రశ్న. లెక్క చూడండి. 100 డిగ్రీల నీళ్లు సెకనుకు ఒక లీటరు వచ్చినయి అనుకుందాం. వాటిని 70 డిగ్రీలకు చల్లార్చితే సుమారు 125 కిలోవాట్ల వేడి దొరుకుతుంది. ఆ మాత్రం వేడితో నడిచే మిషన్ అందులో 7, 8 శాతమే కరెంటు చేయగలదు. అంటే లీటరుకు 9, 10 కిలోవాట్లు, పంపులు, ఫ్యాన్లు తినేది తియ్యకముందు. ఒక్క మెగావాటు కావాలంటే సెకనుకు వంద లీటర్లు కావాలి. 12 వేల లీటర్ల ట్యాంకరు రెండు నిమిషాల్లో నిండాలి, రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి. పాత నూనె బావికి కేసింగ్ వేసి, సిమెంటు కొట్టి, నూనె ఉన్న పొర ఎదురుగా మాత్రమే చిల్లులు పొడిచి ఉంటారు. అందులోకి నీళ్లు వచ్చేది ఆ చిల్లుల్లోంచే. ట్యాంకరు రెండు నిమిషాల్లో నింపే చిల్లులా అవి? అడుగున మరిగే వేడి ఉన్నమాట నిజమే తమ్మీ. మరి ఎన్ని లీటర్లు? ఏ పొరలోంచి? ఆ కాగితం ఎవరి దగ్గరుంది?

నీళ్లు ఇంకా వేడిగా ఉంటే లెక్క మారుతుంది, ఒప్పుకుంటా. 2023లో అమెరికాలో నెవాడాలో ఫెర్వో కంపెనీ బండరాయిని పగలగొట్టి నీళ్లు తిప్పి, సెకనుకు 60 లీటర్లకు పైగా పారించి, 3.5 మెగావాట్లు చూపించింది. అందులో గమనించాల్సిందేమిటంటే, వాళ్లు బావి పొడుగునా ఫైబర్ కేబుల్ వేసి ఏ పగులు ఎన్ని నీళ్లు మింగుతున్నదో చూసుకుంటూ చేశారు. అదే రాయి పగలగొట్టే పని 1970లలో న్యూ మెక్సికోలో ఫెంటన్ హిల్ దగ్గర మొదలైంది. అక్కడ వేడికి కొదవే లేదు. రెండు బావుల మధ్య నీళ్లు పారించడానికి మాత్రం ఏళ్లకేళ్లు తిప్పలు పడ్డారు.

ఒమాన్ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ఎండ చూసి భూమి లోపల కూడా మంట ఉంటుందనుకుంటారు చాలామంది. అది ఎండ, ఇది భూమి, రెంటికీ సంబంధం లేదు. ఇక్కడి బావుల్లో కొలిచి 2013లో అచ్చయిన పరిశోధన ప్రకారం భూమి లోపలినుంచి పైకి వచ్చే వేడి చదరపు మీటరుకు 45 మిల్లీవాట్ల చుట్టూనే. ప్రపంచంలో ఖండాల సగటు కంటే తక్కువ. నఖల్ నీళ్లు వెచ్చగా ఉండటానికి కారణం అవి లోతుకు పోయి, మళ్లీ దారి దొరికి పైకి రావడం. దారి ఉంది కాబట్టి వేడి మనదాకా వచ్చింది.

అయితే బోరులో నీళ్లు ఎక్కడ దూరుతున్నయో వెతకడంలో ఒమాన్ వెనకబడలేదు. 2016 నుంచి 2018 దాకా ఒమాన్ డ్రిల్లింగ్ ప్రాజెక్ట్ అని జరిగింది. సమాయిల్ కొండల్లో ఒకప్పటి సముద్రం అడుగు రాయి ఇప్పుడు నేల మీద ఉంది, దాన్ని తొలిచి తీసిన రాతి కడ్డీలను జపాన్ ఓడ చిక్యూ మీదికి తీసుకుపోయి చదివారు. వాదీ లవాయ్‌నీలో దగ్గర దగ్గరగా వేసిన బోర్లలో ఒకదాంట్లో నీళ్లు కదిలిస్తూ పక్కదాంట్లో ఏ లోతులో ఒత్తిడి మారుతున్నదో చూశారు. ఆ పరీక్షలతో తేలేది ఇదే: పైకి ఒకే బండ లెక్క కనిపించే రాయిలో నీళ్లు పోయే దారులు కొన్నే. ఇప్పుడు అదే రకం రాయిలోకి కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీళ్లు పంపి గాలిని రాయిగా మార్చే 44.01 అనే ఒమాన్ కంపెనీ 2022లో ఎర్త్‌షాట్ బహుమతి గెలిచింది. వాళ్లకు కావలసిందీ అదే, ఏ లోతులో రాయి నోరు తెరిచి ఉంది అని.

మరి ఇంత అవసరమైన పరీక్షను ఎందుకు ఎగ్గొడతారు? డబ్బు. రిగ్గుకు రోజువారీ కిరాయి. తవ్వుతున్నా అదే కిరాయి, టూల్ దింపుతుంటే ఊరికే నిలబడినా అదే కిరాయి. ఆఫీసులో కూర్చున్నవాడికి తవ్వితే పని జరిగినట్టు, కొలిస్తే రోజు దండగయినట్టు కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక చోట, పేరెందుకులే, రెండు దఫాలు టూల్ నడపాల్సింది ఒక దఫాతో చుట్టేయమన్నారు. చేతికొచ్చిన డేటా ఎవరికీ అర్థం కాలేదు, నెల తర్వాత మళ్లీ మమ్మల్నే పిలిచారు. ఈసారి ఖర్చు మూడింతలు.

ఇది ఆయిల్ కంపెనీ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు మా బాపు బోరు కథ.

మాది జగిత్యాల వైపు. 2015 కరువు. బాపు బోరు వేయించిండు. 210 అడుగులకు నీళ్లు పడ్డయి, ఇంచున్నర పోసింది. మడికి చాలదు గాని మక్కకు చాలు. రిగ్గు మీది మనిషి "ఇంకో రెండొందలు పోనియ్ పెద్దాయినా, రెండించులు పక్కా" అన్నడు. వాడికి అడుగుకు ఇంత అని లెక్క, ఎన్నడుగులు పోతే అంత. బాపు సరేనన్నడు. 380 దగ్గర బిట్టు ఒక్కసారి జారినట్టు దిగింది, ఏదో పగులు తగిలింది, అందరం సంబురపడ్డం. 430కి ఆపిండ్రు. తెల్లారి మోటరు దింపితే పావు గంట పోసి ఆగిపోయింది. కేసింగ్‌కు చెవి పెడితే లోపల ఎక్కడో నీళ్లు జారుతున్న చప్పుడు. ఊర్లో వాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెప్పిండ్రు. గంగమ్మ అలిగిందని కూడా అన్నరు.

ఆ చప్పుడేమిటో నాకు ఏడేళ్ల తర్వాత ఒమాన్‌లో అర్థమైంది. ఐస్‌లాండ్ రిపోర్టు ఒకటి చదువుతుంటే అందులో ఒక టెంపరేచర్ గ్రాఫు. 1,000 నుంచి 1,400 దాకా గీత నిటారుగా ఉంది, వేడి ఒక్క డిగ్రీ కూడా మారలేదు. కింద రాసి ఉంది: పై ఊటలోంచి బావిలోకి వచ్చిన నీళ్లు బావిలోంచే కిందికి పోయి, ఒత్తిడి తక్కువున్న కింది పగులులో దూరిపోతున్నయి, అందుకే అంత పొడుగూ ఒకే వేడి. పైకి చూస్తే మూసిన బావి. లోపల వాగు పారుతున్నది. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్న. బాపు బోరులో 210 అడుగుల ఊట నీళ్లు 380 అడుగుల ఎండు పగులులోకి జారుతున్న చప్పుడే మేం విన్నది. అట్లా అనుకుంటున్న. కొలిచి ఉంటే అనుకోవాల్సిన పని లేకపోయేది. కింద 300 దాకా మట్టి, సిమెంటు పోసి మూసేస్తే ఆ ఇంచున్నర నిలిచేదేమో. మేమేం చేసినం? ఇంకో రెండు బోర్లు వేసినం. రెండూ దుబ్బ లేపినయి. ఆ అప్పే నన్ను ఇక్కడికి ఫ్లైటు ఎక్కించింది.

భూతాపం బావిలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే కోట్లలో. పైన 700 దగ్గర గోరువెచ్చని ఊట ఒకటుందని తెలియక కేసింగ్ 600కే ఆపారనుకోండి. ఆ చల్లటి నీళ్లు కిందికి జారి 1,650 దగ్గరి వేడి ఊటను అణిచేస్తయి, బావి పొంగదు. ఊట ఎక్కడో తెలిస్తే కేసింగ్ ఇంకో వంద మీటర్లు దింపేవాళ్లు. తెలియకపోతే బాపు రిగ్గువాడి మాటే: ఇంకా లోతుకు పోనియ్.

మన దేశంలో భూతాపం కరెంటు పేరు చెప్పగానే వినిపించేది మణుగూరు. బొగ్గు కోసం వెతికిన చోట వేడి నీళ్లు ఉబికాయి. పగిడేరు దగ్గర సింగరేణి నేల మీద 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టారు. ఇరవై కిలోవాట్లంటే ఊర్లో మూడు నాలుగు పెద్ద మోటర్లకు సరిపోయేంత. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. ఒక్క చోటైనా నీళ్లు నిజంగా వచ్చి, మిషన్ నిజంగా తిరిగింది. నాకు దాని మీదున్న గౌరవం 10,600 మెగావాట్ల మీద లేదు. జియలాజికల్ సర్వే 2022లో అట్లాస్ వేసింది, 381 వేడి చోట్లు లెక్కపెట్టింది, మంచి పని. కానీ 10,600 అనేది భూమిలో వేడి ఎంతుందో చూసి కట్టిన అంచనా. బావుల్లో ఊటలు కొలిచి కూడిన మొత్తం కాదు. ఒక చేతిలో 10,600 మెగావాట్లు, ఇంకో చేతిలో 20 కిలోవాట్లు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం పేరే ఊట.

లద్దాఖ్‌లో పూగా చూడండి. 1970లలోనే అక్కడ 30కి పైగా బోర్లు వేశారు, అన్నీ 400 మీటర్ల లోపే. తర్వాత అటువైపు చూసినవాళ్లు తక్కువ. 2021 ఫిబ్రవరిలో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది, మొదట ఒక మెగావాటు అని. 14 వేల అడుగుల ఎత్తులో పని, వాళ్ల కష్టం నాకు తెలుసు, ఎడారిలో చలికాలం రాత్రి కేబుల్ పట్టుకుంటేనే వేళ్లు మొద్దుబారుతయి, అక్కడ ఎట్లుంటదో. అక్కడ కూడా నేను అడిగేది అదే, కొత్త బావిలో ఏ లోతులో ఎంత వస్తున్నదో లాగ్ తీసి జనం ముందు పెట్టండి అని.

2025 సెప్టెంబరులో కేంద్రం జాతీయ భూతాప విధానం తెచ్చింది. పాత నూనె బావులను వాడుకునే మాట కూడా అందులో ఉంది. అంటే రాజోలు తమ్ముడి కల రేపు టెండరుగా రావచ్చు. ఆ టెండరులో బావికి ఇంత, మీటరుకు ఇంత అని రాస్తే మళ్లీ అడుగుకు ఇంత అనే మా ఊరి రిగ్గు లెక్కే. డబ్బు ఇచ్చే ముందు స్పిన్నర్ లాగ్, నెల రోజుల వేడి లాగ్, బార్ ఒత్తిడికి ఎన్ని లీటర్లు మింగిందో ఆ అంకె, ఈ మూడూ పెట్టాలని షరతు రాయాలి. ఆ డేటాను తాళం వేసి దాచకుండా అందరికీ చూపాలి. ఫెయిలయిన బావి డేటా ముందు చూపాలి, ఎందుకంటే పక్క ఊర్లో తవ్వబోయేవాడికి పనికొచ్చేది అదే. కెన్యా మనకంటే ధనిక దేశమేం కాదు. వాళ్ల కరెంటులో 40 శాతానికి పైగా భూతాపమే. ఆ ఇంజనీర్ల రిపోర్టుల్లో పేజీ తిప్పితే బావి నంబరు, ఊట లోతు, లీటర్లు. బాగా రాని బావి గురించి కూడా దాపరికం లేకుండా రాసి ఉంటుంది.

"పరీక్షల ఖర్చు ఎవడు పెట్టుకుంటాడన్నా?" అన్నాడు తమ్ముడు తిరిగి వచ్చేటప్పుడు బండిలో. నిజమే, టూలు, కేబుల్, మనుషులు, రిగ్గు వెయిటింగ్, అంతా కలిపితే చిన్న ఖర్చేం కాదు. కానీ బావి తవ్విన ఖర్చులో అది చిన్న భాగం. పెళ్లికి పది లక్షలు పెట్టి, పిల్ల ఏ ఊరిదో అడగడానికి ఫోన్ బిల్లు చూసుకున్నట్టుంటది మీ లెక్క అన్న. వాడు నవ్విండు గాని ఒప్పుకోలేదు. కోనసీమ వాళ్లు అంత తొందరగా ఒప్పుకోరు.

రూముకు వచ్చేసరికి ఇంటినుంచి తమ్ముడి మిస్డ్ కాల్. వచ్చే నెల చెలక కాడ బోరు వేయిస్తడట, కొబ్బరికాయ పట్టే ఆయిన వచ్చి జాగ కూడా చూపిచ్చిండట. నేను జాగ గురించి ఏమీ అనలేదు. నీళ్లు మొదట ఏ అడుగు దగ్గర తగిలినయో, ఎంత పోసినయో చాక్‌పీస్‌తో రాడ్ మీద గీసి, బుక్కుల రాయి అన్న. నీళ్లు పడ్డంక ఇంకా లోతుకు పోయే ముందు రిగ్గు ఆపి, బోరు కెమెరా ఆయిన్ని పిలిచి లోపల చూపియ్యమని చెప్పిన.

"రిగ్గోడు ఆగడే. గంటకు ఇంత అని వెయిటింగ్ చార్జి అడుగుతడు," అన్నడు.

ఎంతో కనుక్కొని చెప్పు, జీతం పడంగనే పంపుత అన్న.